కింది నుంచి పైకి: మధ్యయుగపు చర్చిల్లో మా పిల్లలతో ఒక ఏడాది

పారిస్ నడిబొడ్డున, సీన్ నది మధ్యలోని దీవి మీద సెంత్ షపెల్ అని ఒక చర్చి ఉంది. పిల్లల్ని అక్కడికి మొదటిసారి తీసుకెళ్ళింది ఒక అక్టోబరు ఆదివారం మధ్యాహ్నం. సెక్యూరిటీ లైన్లో గంటకు పైగా నిలబడి, ఇరుకైన మెలికల మెట్లెక్కి పై అంతస్తుకు చేరగానే నాకు నోట మాట రాలేదు. గోడలు ఉండాల్సిన చోటంతా రంగు గాజే. 15 కిటికీలు, ఒక్కోటి దాదాపు 15 మీటర్ల ఎత్తు, వాటిలో 1,113 బొమ్మలు. ముందు రోజు రాత్రి చదువుకున్నదంతా వాళ్ళకు చెప్పడం మొదలుపెట్టాను. తొమ్మిదో లూయీ రాజు కట్టించాడనీ, 1248లో ప్రతిష్ఠ జరిగిందనీ, యేసుదని నమ్మే ముళ్ళ కిరీటాన్ని దాచడానికే ఇంత చర్చి కట్టాడనీ, ఆ కిరీటానికి చర్చి కట్టడానికైన ఖర్చుకు మూడింతలు పెట్టాడనీ. పదేళ్ళ మా పాప తల ఊపుతోంది కానీ చూపు ఎక్కడా నిలవడం లేదు. ఏడేళ్ళ మా చిన్నోడు నేల మీద కూర్చుని షూ లేసు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు. ఇరవై నిమిషాలు కాకముందే పాప నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, అన్నీ ఒకేలా ఉన్నాయి, ఇంటికెళ్దాం" అంది.

ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు. పాప చెప్పింది నిజమే. 1,113 బొమ్మలు ఒకేసారి కళ్ళ ముందు పెడితే ఎవరికైనా ఒక్కటీ కనిపించదు.

మాది ధర్మవరం. మా తాత గుంట మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నేను అకౌంట్స్ పని చేసుకునేదాన్ని, కళల గురించి కాలేజీలో చదివినదాన్ని కాదు. పదకొండేళ్ళుగా పారిస్ దక్షిణపు శివార్లో ఉంటున్నాం. పిల్లలిద్దరూ ఇక్కడే పుట్టారు. బడికి వెళ్ళే దారిలో ఒక పాత చర్చి, సెలవులకు ఏ ఊరెళ్ళినా ఊరి మధ్యలో ఒక పాత చర్చి. అవన్నీ వాళ్ళ కళ్ళకు బస్టాపుల్లాగా అలవాటైపోతాయేమో అని నాకు బెంగగా ఉండేది. లేపాక్షిలో నా చిన్నప్పుడు మా అమ్మ పైకప్పు బొమ్మలు ఒక్కొక్కటీ చూపించి కథ చెప్పింది. పిల్లలు పుట్టిన ఊళ్ళో ఆ పని చెయ్యాల్సింది నేనే అనిపించింది.

దారి దొరికింది మా హాల్లోనే. మా అమ్మ ఊరి నుంచి పంపిన తోలుబొమ్మల దీపం ఒకటి ఉంది. ధర్మవరం పక్కన నిమ్మలకుంటలో మేక తోలును పల్చగా గీకి, రంగులు అద్ది, సన్నటి బెజ్జాలు పొడిచి చేస్తారు. డిసెంబరులో ఇక్కడ సాయంత్రం ఐదింటికే చీకటి పడుతుంది. ఒకరోజు చిన్నోడు ఆ దీపం స్విచ్చి వేస్తూ ఆర్పుతూ ఆడుతున్నాడు. ఆర్పితే అది నల్లటి తోలు ముక్క. వేస్తే హనుమంతుడు. "అవ్వ వాళ్ళ బొమ్మ కూడా చర్చి కిటికీ లాంటిదేనా?" అని అడిగాడు. నేను చేస్తున్న వంట ఆపేసి, ఇద్దరికీ స్వెటర్లు తొడిగి, మా వీధి చివరి చర్చి దగ్గరకు తీసుకెళ్ళాను. చీకట్లో, లోపల దీపాల్లేని ఆ కిటికీలు బయటి నుంచి నల్లగా, సీసపు గీతలతో మాత్రమే కనిపించాయి. మర్నాడు శనివారం పొద్దున లోపలికి వెళ్ళాం. అవే కిటికీలు, ఎండ అవతల ఉంది, మేం ఇవతల ఉన్నాం. "ఇక్కడ దీపం సూర్యుడు" అంది పాప.

ఆ రోజు నుంచి నేను తేదీలు చెప్పడం మానేశాను. ఎలా చేశారు అన్నదే చెప్పడం మొదలుపెట్టాను. ఇసుక, కట్టెల బూడిద కలిపి కరిగిస్తే గాజు అవుతుంది. కోబాల్టు వేస్తే నీలం. ఎరుపు రాగితో వస్తుంది కానీ గాజంతా ఎరుపైతే వెలుతురు దూరదు కాబట్టి, తెల్ల గాజు మీద పల్చని ఎర్ర పొర మాత్రమే ఎక్కిస్తారు. కాల్చిన ఇనుప కడ్డీతో గాజును పగలగొట్టి, అంచులు కొరికి సరిచేస్తారు. ముఖాలూ బట్టల మడతలూ గీయడానికి లోహపు పొడిలో గాజు పొడి కలిపి, దాన్ని ద్రాక్షసారాతోనో మూత్రంతోనో నూరి, బ్రష్షుతో వేసి మళ్ళీ కొలిమిలో కాలుస్తారు. మూత్రం అన్న మాట దగ్గర మా చిన్నోడి ముఖం వెలిగిపోయింది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి మనుషులు వాడికి ఆ క్షణంలోనే దగ్గరయ్యారని నేను నమ్ముతున్నాను. ఇంట్లో నల్ల అట్ట కత్తిరించి, రంగు సెల్లోఫేన్ అంటించి ఒక కిటికీ చేశాం. నల్ల గీతలు బొమ్మ గీయడానికి కాదు, ముక్కలను పట్టి ఉంచడానికని చేస్తేనే తెలుస్తుంది. పాప మొదట కోడిపుంజు మెడను గాలిలో వదిలేసింది, అది ఊడిపోయింది. రెండోసారి తనే సీసపు గీత ఎక్కడ రావాలో లెక్క వేసుకుంది.

జనవరిలో పారిస్‌లోనే ఉన్న మధ్యయుగపు కళల మ్యూజియం, క్లూనీకి వెళ్ళాం. ఇక్కడి జాతీయ మ్యూజియాల్లో 18 ఏళ్ళ లోపు పిల్లలకు టికెట్ లేదు కాబట్టి, ఎంతసేపు చూశాం అన్న లెక్క అక్కర్లేదు. నలభై నిమిషాలు, రెండే రెండు వస్తువులు అని ముందే మాట అనుకున్నాం. ఈ నియమం నాకు చాలా మేలు చేసింది. ఇంకొకటి చూద్దామని పిల్లలు అడగాలి కానీ నేను అడగకూడదు.

మొదటిది రాజుల తలలు. నోట్రడామ్ చర్చి ముఖద్వారం పైన 28 మంది రాజుల రాతి విగ్రహాలు ఉండేవి. ఫ్రెంచి విప్లవం రోజుల్లో, 1793లో, వాటిని ఫ్రాన్సు రాజులనుకుని కూలదోశారు, తలలు పోయాయి. నిజానికి అవి బైబిల్లోని యూదా రాజులవి. 1977లో పారిస్‌లో ఒక పాత భవనం దగ్గర తవ్వుతుంటే వాటిలో 21 తలలు మట్టిలో బయటపడ్డాయి. అవి ఇప్పుడు వరసగా నిలబెట్టి ఉన్నాయి, ముక్కులు విరిగి, ఒక్కోటి చిన్నోడి నడుము దాకా వచ్చే ఎత్తులో. వాడు వాటి చుట్టూ తిరిగి, "ఈ బొమ్మలేం తప్పు చేశాయి?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. పాప దగ్గరికెళ్ళి చూసి ఒక చెంప మీద కొంచెం గులాబి రంగు కనిపెట్టింది. ఆ విగ్రహాలన్నిటికీ ఒకప్పుడు రంగులుండేవని నేను పుస్తకంలో చదివాను కానీ, చెప్పలేదు. తనే కనుక్కుంది. మన ఊళ్ళో గోపురం బొమ్మలకు రంగులుంటాయి కదా అని తనే అంది.

రెండోది ఒంటికొమ్ము గుర్రం నేతలు. 1500 ప్రాంతంలో ఉన్ని, పట్టుతో నేసిన ఆరు పెద్ద తెరలు. ఎర్రటి నేల, వేల పూలు, కుందేళ్ళు, కోతి, చిలుక, ఒక పక్క సింహం, ఒక పక్క ఒంటికొమ్ము గుర్రం, మధ్యలో ఒక అమ్మాయి. మా తాత మగ్గం దగ్గర పెరిగినదాన్ని కాబట్టి, ఇక్కడ మాత్రం నాకు చెప్పే హక్కు ఉందనిపించింది. పడుగు, అంటే మగ్గానికి బిగించిన దారం, కింద దాగి ఉంటుంది, కనిపించేదంతా పేక, అంటే దాని మధ్య అడ్డంగా నేసే దారం. చీరలో లాగా పేక ఈ అంచు నుంచి ఆ అంచుకు పోదు, ఏ రంగు ఎక్కడ కావాలో అంతవరకే పోయి వెనక్కి వస్తుంది. పాపకు అర్థం కావడానికి నా చున్నీ అంచు చూపించాను. ఆరింటిలో ఐదు పంచేంద్రియాలు. ఏది ఏదో చెప్పకుండా పిల్లల్నే అడిగాను. గుర్రం అద్దంలో ముఖం చూసుకుంటోంది, అది చూపు. అమ్మాయి పళ్ళెంలోంచి మిఠాయి తీస్తోంది, అది రుచి. ఒకదాంట్లో అమ్మాయి పూలతో మాల కడుతోంది, వెనక కోతి ఒక పువ్వు వాసన చూస్తోంది. "మాల కట్టడం అవ్వ పని" అన్నాడు చిన్నోడు. ఆరోదానిలో గుడారం మీద 'నా ఏకైక కోరిక' అని రాసి ఉంటుంది, దాని అర్థం గురించి పండితులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పాప కింది అంచు దగ్గర వంగి, ఇక్కడ రంగు వేరుగా ఉంది అంది. అవును. తేమకూ ఎలుకలకూ పాడైన కింది భాగాన్ని 19వ శతాబ్దంలో మళ్ళీ నేశారు, అప్పటి కొత్త రంగులు చెట్ల నుంచి తీసిన పాత రంగులంత నిలవలేదు, వెలిసిపోయాయి. ధర్మవరంలో మంచి రంగు గురించి మా తాత ఎంత పట్టుదలగా ఉండేవాడో అప్పుడు చెప్పాను. నలభై నిమిషాలు గంటన్నర అయ్యాయి, వాళ్ళే అడిగి ఉన్నారు.

కట్టడం సంగతి హాల్లోనే నేర్చుకున్నాం. ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి, చేతులు పైకెత్తి అరచేతులు ఆనించుకోమన్నాను. తర్వాత కాళ్ళు కొంచెం కొంచెం వెనక్కి జరపమన్నాను. ఇద్దరూ కలిసి ఒక కమాను అయ్యారు, కానీ సాక్సులేసుకున్న పాదాలు బయటికి జారిపోతున్నాయి. మా ఆయన ఒకరి వెనకా నేను ఒకరి వెనకా కూర్చుని పాదాలకు ఆనుకున్నాం. అంతే, కమాను నిలబడింది. కప్పు బరువు గోడను కిందికే కాదు, బయటికి కూడా తోస్తుంది. ఆ తోపును బయటి నుంచి ఒక రాతి చెయ్యి ఆపితే, గోడ అంత మందంగా ఉండక్కర్లేదు, గోడకు బదులు గాజు పెట్టుకోవచ్చు. ఆ రాతి చేతినే ఫ్లయింగ్ బట్రెస్ అంటారు. మర్నాడు నోట్రడామ్ వెనక వైపు వెళ్ళి చూస్తే, "అదిగో నాన్న, అదిగో అమ్మ" అని చిన్నోడు అరిచాడు.

ఇదంతా నిలబడిన కథ మాత్రమే కాదని చూపించాలని బొవే వెళ్ళాం. పారిస్ నుంచి రైల్లో గంటా పావు. అక్కడి కెథడ్రల్ కప్పు నేల నుంచి దాదాపు 48 మీటర్ల ఎత్తు, ఆ కాలపు గోతిక్ శైలిలో అంత ఎత్తు కప్పు ఇంకెక్కడా కట్టలేదు. 1272లో పూర్తయిన కప్పులో కొంత 1284లో కూలింది. మళ్ళీ కట్టారు, మధ్యలో మరిన్ని స్తంభాలు పెట్టి. తర్వాత 1569లో 153 మీటర్ల శిఖరం పూర్తి చేశారు, అది నాలుగేళ్ళకే 1573లో, పండగ రోజు జనం ఊరేగింపుగా బయటికెళ్ళాక కూలిపోయింది. ముందు భాగం ఎప్పటికీ కట్టనే లేదు. అంత పెద్ద చర్చి సగంలో ఆగి, దాని ముందు వెయ్యేళ్ళ నాటి చిన్న పాత చర్చి అలాగే మిగిలిపోయింది. లోపల ఇప్పటికీ పెద్ద పెద్ద చెక్క దూలాలు ఆసరా పెట్టి ఉన్నాయి. పెద్దవాళ్ళు కట్టినవి కూడా కూలతాయని పిల్లలు అంత శ్రద్ధగా వినడం నేనెప్పుడూ చూడలేదు. మా పాప ఇంటికి వచ్చాక రాసుకున్న నోట్సులో సెంత్ షపెల్ గురించి ఒక లైను, బొవే గురించి రెండు పేజీలు ఉన్నాయి.

ఒక ప్రశ్న గురించి చెప్పాలి. తెలిసినవాళ్ళు ఒకరిద్దరు "పిల్లల్ని ఊరికే చర్చిల చుట్టూ ఎందుకు తిప్పుతున్నావు" అని అడిగారు. నిష్ఠూరంగా కాదు, దిగులుగానే అడిగారు. మా ఇంట్లో దేవుడి గూడు ఉంది, రోజూ దీపం పెడతాం. నేను పిల్లలకు చెప్పింది ఒక్కటే: ఇది వేరేవాళ్ళ దేవుడి ఇల్లు, చెప్పులు విప్పక్కర్లేదు కానీ గొంతు తగ్గించాలి, ప్రార్థన చేసుకునేవాళ్ళ ముందు నుంచి నడవకూడదు. సిలువ మీద రక్తం కారుతున్న బొమ్మ చూసి చిన్నోడు భయపడ్డాడు. దాచకుండా, వాడి వయసుకు తగ్గట్టు కథ చెప్పాను. కథ తెలియకపోతే ఈ బొమ్మలేవీ మాట్లాడవు. రామాయణం తెలియని మనిషి తోలుబొమ్మలాట చూసినట్టే ఉంటుంది. అందుకే ప్రతి ప్రయాణానికి ముందు వారం రాత్రిళ్ళు ఒక్కో బైబిలు కథ చెప్పుకున్నాం. నోవహు పడవ కథకు పాప "ఇది మత్స్యావతారం" అంది. నోట్రడామ్ మధ్య వాకిలి మీద దేవదూత త్రాసులో ఆత్మలను తూస్తుంటే, పక్కన దయ్యం తట్టను కిందికి లాగుతూ ఉంటుంది. అది చూసి చిత్రగుప్తుడు గుర్తొచ్చాడు ఇద్దరికీ. పోలికలు దొరికినప్పుడు సంతోషించాను, కానీ రెండూ ఒకటే అని మాత్రం చెప్పలేదు. తేడా కూడా వాళ్ళు చూడాలి.

ఇక షార్త్ర, పెద్ద పాత చర్చి ఉన్న ఊరు. ఏడాదిలో మేం చూసినవన్నీ ఒక ఎత్తు, షార్త్ర ఒక ఎత్తు.

ఏప్రిల్ సెలవుల్లో కావాలని శుక్రవారం ఎంచుకున్నాను, కారణం తర్వాత చెప్తాను. రైలు చదును నేల మీద గోధుమ చేల మధ్య పోతుంటే, ఊరు కనిపించక ముందే రెండు శిఖరాలు కనిపించాయి. రెండూ ఒకలా లేవు. ఒకటి నున్నగా, 105 మీటర్లు, 12వ శతాబ్దానిది. రెండోది చెక్కడాలతో నిండి, 113 మీటర్లు, 1513లో పూర్తయింది. పిడుగుకు కాలిన పాత చెక్క శిఖరం స్థానంలో, ఆ కాలపు మేస్త్రీ తనకు వచ్చిన పద్ధతిలో కట్టాడు. పాపకు ఇది నచ్చలేదు, సరిజోడు చెయ్యాల్సింది అంది. చిన్నోడికి చాలా నచ్చింది. పెద్దయ్యాక కూడా ఇద్దరూ ఇలాగే ఉంటారేమో.

1194 జూన్‌లో అగ్నిప్రమాదం జరిగి పాత చర్చి చాలావరకు కాలిపోయింది. పడమటి ముఖద్వారం మాత్రం మిగిలింది. ఆ వాకిలి దగ్గర పిల్లలకు ఒక పని పెట్టాను. ఎడమ వాకిలి పైన కమానుల్లో పన్నెండు నెలల పనులూ, పన్నెండు రాశులూ చెక్కి ఉన్నాయి. పంచాంగంలో ఉండే రాశులే: మేషం, వృషభం, కర్కాటకం. ఫోన్లో అవ్వ ఎప్పుడూ అడుగుతుంది కాబట్టి ఇద్దరికీ తమ రాశి తెలుసు. బైనాక్యులర్స్ ఇచ్చి వెతకమన్నాను. పాప సింహం తొందరగా దొరికింది. చిన్నోడిది మిథునం, ఎంత వెతికినా లేదు. లెక్కపెడితే పదే ఉన్నాయి. వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అప్పుడు కుడి వాకిలి వైపు చూడమన్నాను. అక్కడ, ఏ సంబంధమూ లేని చోట, ఒకే డాలు పట్టుకుని నిలబడ్డ ఇద్దరు. మీనం కూడా అక్కడే. ఎడమ వాకిలిలో చోటు చాలక ఆ రెండింటినీ ఇక్కడ ఇరికించారు. ఎనిమిదిన్నర శతాబ్దాల కిందట ఎవరో శిల్పి చోటు లెక్క తప్పితే, ఈ రోజు మా వాడు ఆ రాతి జంటను చూసి చప్పట్లు కొట్టాడు. అదే వాకిలి మీద వ్యాకరణం అనే విద్య ఒక స్త్రీ రూపంలో, చేతిలో బెత్తంతో, కాళ్ళ దగ్గర ఇద్దరు పిల్లలతో కూర్చుని ఉంటుంది. గంటలు వాయిస్తున్న సంగీతం పక్కనే.

లోపలికి వెళ్ళాక ఎవరం కాసేపు ఏమీ మాట్లాడలేదు. కళ్ళు చీకటికి అలవాటు పడేదాకా ఆగాలి, ఇది పిల్లలకు ముందే చెప్పి ఉంచాను. 170కి పైగా కిటికీలు, చాలావరకు 13వ శతాబ్దపు అసలు గాజే. 1939లో యుద్ధం వస్తుందని తెలిసి వాటిని ఊడదీసి దాచిపెట్టారు కాబట్టి మిగిలాయి. ఆ నీలం గురించి మాటల్లో చెప్పలేను. పిల్లలు మాత్రం ఈసారి "అన్నీ ఒకేలా ఉన్నాయి" అనలేదు. ఎందుకంటే అన్నీ చూడటం లేదు, ఒక్కటే చూడబోతున్నాం.

దక్షిణపు నడవలో మంచి సమరయుడి కిటికీ, బైబిల్లో యేసు చెప్పిన కథ. ఈ కిటికీలను కింది నుంచి పైకి చదవాలి. కింది భాగంలో దేవుళ్ళు లేరు, రాజులు లేరు, చెప్పులు కుట్టేవాళ్ళు తమ పని తాము చేసుకుంటూ ఉన్నారు. షార్త్రలో ఇలా ఎన్నో కిటికీల అడుగున పనివాళ్ళు ఉన్నారు. నోవహు కిటికీ కింద వడ్రంగులు, బండి చక్రాలు చేసేవాళ్ళు. ఇంకో చోట రొట్టెలు చేసేవాళ్ళు, ఉన్ని బట్టలు అమ్మేవాళ్ళు. ఆ వృత్తులవాళ్ళే డబ్బు పెట్టి కిటికీలు చేయించారా, లేక చర్చివాళ్ళు వాళ్ళను అలా చూపించారా అన్నదాని మీద చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. నాకు అంతకంటే ముఖ్యం వేరే ఉంది. పిల్లల కంటికి అన్నిటికంటే దగ్గరగా ఉన్న గాజు ముక్కలో ఉన్నది పని చేసుకునే మామూలు మనుషులు. ఆరు నెలలుగా నేను పిల్లలకు తల పైకెత్తి చూడమని చెప్తూ వచ్చాను. మొదలుపెట్టాల్సింది అడుగు నుంచి.

చెప్పులు కుట్టేవాళ్ళ నుంచి చిన్నోడు తనంతట తనే పైకి వెళ్ళాడు. ఒక మనిషి ఊరి వాకిలి దాటి బయల్దేరాడు. దొంగలు కొట్టారు. బట్టలు లాక్కున్నారు. ఇద్దరు పెద్దమనుషులు చూసి కూడా పోయారు. పరాయి ఊరివాడు ఆగి కట్టు కట్టి, సత్రానికి తీసుకెళ్ళాడు. వారం ముందు రాత్రి చెప్పిన కథను వాడు నాకు తిరిగి చెప్తున్నాడు, ఒక్కో గాజు బొమ్మా వేలితో చూపిస్తూ, తెలుగులో. మా పక్కన నిలబడ్డ ఒక ఫ్రెంచి ముసలాయన మాట అర్థం కాకపోయినా వేలు వెంట చూపు పోనిచ్చి కథంతా విన్నాడు. అక్కడి నుంచి బొమ్మలు ఆదాము హవ్వల కథలోకి మారిపోతాయి. అంత పైకి బైనాక్యులర్స్‌తో పాప చదివింది.

శుక్రవారం ఎందుకంటే, చర్చి నేల మీద రాళ్ళతో పరిచిన పెద్ద చుట్టుదారి ఉంది. మామూలు రోజుల్లో దాని మీద కుర్చీలు వేసి ఉంటాయి. వసంతం నుంచి నవంబరు మొదలుదాకా శుక్రవారాల్లో తీసేస్తారు. దాదాపు 13 మీటర్ల వెడల్పు వృత్తంలో 260 మీటర్ల దారి. పజిల్ కాదు, తప్పిపోవడం కుదరదు. ఒకటే దారి, మధ్యలోకి వచ్చినట్టే వచ్చి మళ్ళీ అంచుకు తోసేస్తుంది. పిల్లలు పరిగెత్తుతారేమోనని నాకు టెన్షన్. ముందు నడుస్తున్నావిడ కళ్ళు దించుకుని మెల్లగా నడుస్తోంది, వీళ్ళూ అలాగే నడిచారు. మధ్యలోకి చేరాక చిన్నోడు, "ఇంతసేపు తిరిగితే ఇంతే దూరమా" అని వెనక్కి చూసుకున్నాడు.

తిరుగు రైల్లో పాప ఒక ప్రశ్న అడిగింది. వాళ్ళు ఇది కట్టేటప్పుడు మన దగ్గర ఏం కడుతున్నారు? నాకు వెంటనే రామప్ప గుడి గుర్తొచ్చింది. షార్త్రలో 1194 మంటల తర్వాత గోడలు లేస్తున్న ఆ ఏళ్ళలోనే, పాలంపేటలో కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు గుడి కట్టించాడు. అక్కడి శాసనం మీద ఉన్న సంవత్సరం 1213. ఇక్కడివాళ్ళు బరువును బయటి రాతి చేతుల మీదికి తోశారు. అక్కడివాళ్ళు శిఖరాన్నే నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలతో కట్టారు. ఒకే బరువు సమస్యకు ఒకే కాలంలో రెండు జవాబులు. ఫోన్లో బొమ్మలు చూపించాను. పాప చాలాసేపు ఆ రెండు ఫొటోలను మార్చి మార్చి చూసింది. ఈ పోలిక నాకు అంతకు ముందెప్పుడూ తట్టలేదు, తను అడిగితే తట్టింది.

ఎండాకాలంలో బుర్గుండీలో గెదెలోన్ వెళ్ళాం. అక్కడ 1997 నుంచి ఒక కోటను 13వ శతాబ్దపు పద్ధతుల్లోనే కడుతున్నారు, మోటార్లు లేకుండా. మనిషి పెద్ద చెక్క చక్రంలో నడుస్తుంటే రాళ్ళు పైకి లేస్తాయి. పదమూడు ముడుల తాడును 3, 4, 5 కొలతల త్రిభుజంగా పరిచి మూల మట్టం చూసుకుంటారు. పాప ఆ తాడు ఇంటికొచ్చి తనే చేసుకుంది, మా బాల్కనీ మూల సరిగ్గా లేదని తేల్చింది. 2019లో కాలిపోయిన నోట్రడామ్ కప్పు దూలాలను తిరిగి చెక్కినవాళ్ళలో ఇక్కడ పని నేర్చుకున్న వడ్రంగులు కూడా ఉన్నారు. పిల్లలకు ఒక్క చోటే చూపించగలను అంటే నేను ఇదే చూపిస్తాను. చేతుల్లో పిండిలా సున్నం పట్టుకుని చూసిన పిల్లకు గోడ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు.

మళ్ళీ అక్టోబరులో సెంత్ షపెల్‌కు వెళ్దామని పాపే అడిగింది. ఈసారి వారం మధ్యలో, సెలవుల్లో, పొద్దున్నే, కడుపు నిండా తిని, టైము ముందే బుక్ చేసుకుని వెళ్ళాం. ఏ కిటికీ చూడాలో వాళ్ళనే ఎంచుకోమన్నాను. కుడి గోడకు చివర ఉన్నదాన్ని ఎంచుకున్నారు, ఆ చర్చికి ముళ్ళ కిరీటం ఎలా వచ్చిందో చెప్పే కిటికీ. మిగతావన్నీ ఎడమ నుంచి కుడికి చదవాలి. ఇది మాత్రం ఒక వరస ఇటు, ఒక వరస అటు. ఎద్దులతో దున్నినట్టు అని చెప్పాను. ధర్మవరం వెళ్ళినప్పుడు చేలో సాళ్ళు చూసి ఉన్నారు కాబట్టి ఇంకో మాట అక్కర్లేకపోయింది.

కింద నుంచి మొదలుపెట్టారు. ఒకరు ఇటు, ఒకరు అటు వేలితో గాల్లో దున్నుకుంటూ పైకి పోతున్నారు. నేను వెనక బల్ల మీద కూర్చున్నాను. రాజు 1239లో ఆ కిరీటానికి ఎదురెళ్ళి, రాజవేషం తీసేసి, మామూలు చొక్కాతో, చెప్పులు విప్పేసి నడిచి మోసుకొచ్చాడని మాత్రం చెప్పాను.

చిన్నోడు తిరిగి నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు, "అమ్మా, ఆ చెప్పులు కుట్టింది షార్త్రవాళ్ళేనా?"

తెలీదు నాన్నా, కుట్టి ఉండొచ్చు అన్నాను. వాడు మళ్ళీ కిటికీ దగ్గరికి వెళ్ళి, అక్కకు ఆ మాట చెప్పి, ఆగిన వరస నుంచి పైకి చూడటం మొదలుపెట్టాడు.